ఆది జాకెట్టు వద్దన్న పద్మక్క

ప్రతి ఉదయం గులాబీ పువ్వులు పంపేవాళ్ళ మీద నాకొక ఫిర్యాదు ఉంది. మా వీధి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆరు గంటలకల్లా గులాబీలు, మంచుబిందువులు, పొగలు కక్కే కాఫీ కప్పులు, శుభోదయం అనే అక్షరాల మీదుగా ఎగిరే పావురాలు మొదలవుతాయి. వీటివల్ల ఎవరి ఉదయమైనా శుభంగా గడిచిన దాఖలా నేనింతవరకు చూడలేదు. పోయిన నెల ఒక శుక్రవారం కూడా ఆ పుష్పవృష్టిని వేలితో పైకి నెట్టేస్తూ కాఫీ తాగాను. రెండు గులాబీల నడుమ ఒక వాక్యం కనబడింది. దాన్ని కూడా నెట్టేశాను. కాలేజీకి బయలుదేరడానికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నప్పుడు, కళ్ళు చదివింది బుద్ధికి చేరింది. "పాత్రల అంగడి పద్మావతమ్మ గారు ఈ తెల్లవారుజామున స్వర్గస్థులైనారు." దాని కింద ఎవరో జోడించిన చేతుల బొమ్మ పెట్టారు. దాని కింద ఇంకెవరో, అలవాటు కొద్దీ, మరో గులాబీ పెట్టారు.

కుచ్చిళ్ళు చేతిలోనే ఉండగా ఆ వాక్యం మళ్ళీ చదివాను. ముందురోజు సాయంత్రమే ఆమె ఫోను చేసి, "నల్లదారం కండె తేకపోతే నీ టాపుకు చేతులుండవు, చెప్తాండా" అని బెదిరించింది. ఆ కండె నా సంచిలో ఉంది. రక్తపోటు లేదు, చక్కెర లేదు, అంతకు వారం ముందే నిచ్చెనెక్కి అటక మీది గంగాళం తానే దించింది. ఛాతీ పట్టేసినట్టుందని కుర్చీలో కూర్చున్నదట. పావగడలోని తాలూకా ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందట. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఇంత క్లుప్తంగా వెళ్ళిపోవడం నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

పద్మక్క నన్ను ఒకే ఒక్క కోరిక కోరింది. తాను పోయిననాడు, తాను కుట్టుకున్న నేరేడుపండు రంగు గౌను తొడిగి పంపమంది. మేము ఆమెను పట్టుచీరలో పంపించాము. ఈ రెండు వాక్యాల మధ్య జరిగినదంతా నా నిర్వాకం. అది ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అయితే ఆమె ఎవరో, ఆ గౌను ఏమిటో తెలియనివారికి నా అపరాధం పరిమాణం తెలియదు కనుక ముందు అది చెప్పాలి.

కర్ణాటకలోని మా తెలుగు ఊరు వై.ఎన్.హొసకోట బజారులో పాత్రల అంగడి శెట్టిగారి ధర్మపత్ని ఆమె. చదివింది ఏడో తరగతి, అదీ కన్నడంలో. అంగడి వెనక గదిలో, ఇత్తడి బిందెల మధ్య ఒక జిగ్‌జాగ్ మిషను పెట్టుకొని చీరలకు ఫాల్సు కుట్టేది. మా బజారులో చీర కట్టే ప్రతి స్త్రీ పాదాల దగ్గరా పద్మక్క చేతి కుట్టు ఉందంటే అతిశయోక్తి కాదు. ఎవరూ వంగి చూడలేదు, అంతే.

ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఏదో దూరదేశపు స్త్రీ, సాగే గుడ్డతో మోకాళ్ళ కిందిదాకా కుట్టుకున్న గౌను వేసుకొని నిలబడి ఉంది. ఆ గౌనుకు కత్తిరింపు నమూనా అమ్ముతోంది. "కంపెనీ కాదంటమ్మే. ఒకతే ఇంట్లో కూచోని గీస్తాదంట, నా మాదిరే. నీ కాడ కార్డు ఉండాది గదా, కొనిపెట్టు" అన్నది. కొన్నాను. వచ్చింది కాగితం కాదు, ఫైలు. దాన్ని ముప్పై ఆరు పుటలుగా అచ్చు తీసి, అంచులు కలిపి అంటించుకోవాలి.

జెరాక్సు అంగడి ఆయన పుటలు తీస్తూ తీస్తూ సగంలో ఆగి, "ఏం మేడం, ఇల్లు కట్టిస్తాండారా?" అన్నాడు.

"లేదప్పా, గౌను."

మిగిలిన పుటల వైపు చూసి, "ఎవరికి, గోపురానికా?" అన్నాడు.

గోపురానికి కాదు కదా, ఏడేళ్ళ పిల్లకు కూడా సరిపోలేదు. ఆ యంత్రం ప్రతిదాన్నీ కాగితంలో ఇమిడేట్టు కుదిస్తుందని మాకు తెలియదు. మొదటి పుటలో ఒక చిన్న చదరం గీసి, దీన్ని కొలిచి చూసుకోండని ఆ దూరదేశపు ఆవిడ మొత్తుకొని రాసింది. ఇంగ్లీషు చదవగలిగిన నేను ఆ వాక్యాన్ని దాటవేశాను. కుట్టు పూర్తయ్యాక పద్మక్క ఆ బుల్లి గౌనును గోడకు తగిలించింది. ఆ రోజు నుంచి ఎవరేమి గొప్పలు చెప్పినా, "ముందు చదరం కొలిచినావా?" అని అడిగేది. మా ప్రిన్సిపాల్‌ను కూడా అడిగింది. ఆయనకు అర్థం కాలేదు గాని, కొలవలేదని ఒప్పుకున్నాడు.

పుటలు అంటించడానికి వెనక గది చాలదు కనుక అంగడి నేల మీదే పరిచేది. ఎగిరిపోకుండా చెంబులు పెట్టేది. ఒకరోజు మదువె సామాన్లకు, అంటే పెళ్ళి సామాన్లకు వచ్చిన వాళ్ళు, గౌను చేతి కాగితం మీదున్న ఒక చెంబును చూపించి బేరమాడారు. శెట్టిగారు, జీవితంలో ఏ గిరాకినీ వదులుకోని మనిషి, కాసేపు భార్య వైపు చూసి, "ఆ చెంబు ఇప్పుడు ఇచ్చేకి కాదప్పా, చెయ్యి మీద ఉండాది" అన్నారు. వాళ్ళు ఎవరి చెయ్యి అని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. దాంపత్యప్రేమ గురించి నేను విన్న ఉదాత్తమైన వాక్యాల్లో అదొకటి.

నేను పదిహేడేళ్ళుగా పీయూ కాలేజీలో, అంటే ఇంటర్ పిల్లలకు, భౌతికశాస్త్రం చెబుతున్నాను. స్థితిస్థాపకత అనే పాఠానికి ఒక స్ప్రింగు బొమ్మ గీసి, ఒక సూత్రం రాసి చేతులు దులుపుకుంటాను. ఆ పాఠం నాకు అర్థమయింది పద్మక్క బల్ల దగ్గర. బనీను గుడ్డ ముక్కను రెండు చేతులా లాగి, "యాడిదాకా సాగుతాదో అందరూ చూస్తారు. ఇడిస్తే మళ్ళా తన చోటికి వస్తాదా, అది చూడల్ల" అనేది. సూది కూడా మొన గుండ్రంగా ఉన్నదే వాడేది. మామూలు సూది దారాల్ని తెంపుకుంటూ పోతుంది, ఇది దారాలను పక్కకు జరిపి దారి చేసుకుంటుంది. ఆమె స్వభావానికి ఉపమానం కావలసినవారు ఇక్కడ ఆగి తీసుకోవచ్చు.

ఆమె చేసిన అసలు విప్లవం మాత్రం ఆది జాకెట్టుతో పోరాటం. మా వైపు ఆడవాళ్ళు ఒంటి కొలతలివ్వరు. కొలతకని పాత జాకెట్టు ఒకటి ఇస్తారు. దాన్నే ఆది అంటాము. ఆ ఆది ఇంకో ఆది చూసి కుట్టింది, అది మరొకటి చూసి కుట్టింది. మూలపురుషుడెవరో తెలియని వంశవృక్షం. పైగా లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి దాస్తారు, ధరించేవారు ముందుముందు లావవుతారన్న దూరదృష్టితో. సాగే గుడ్డకు ఇవేవీ పనికిరావు. అది ఒంటికన్నా కొంచెం చిన్నదిగా కత్తిరిస్తేనే ఒంటిని పట్టుకుంటుంది. అందుకు ఒళ్ళు కావాలి.

తిరుమణి వైపు నుంచి గంగమ్మ వచ్చింది. పొలం సోలారు వాళ్ళకు గుత్తకిచ్చి, ఇప్పుడు ఆ పలకల నడుమ గడ్డి కోసే పనికి పోతోంది. పనికాడ ఇచ్చిన టీషర్టు మగవాళ్ళ కొలతది. మెడ దగ్గర బిగుతు, తుంటి దగ్గర ఇంకా బిగుతు. దాన్ని చీర మీద తొడుక్కొని రోజంతా ఎండలో వంగాలి. నిండు చేతుల టాపు కావాలని వచ్చి, కవరులోంచి జాకెట్టు తీసింది.

"ఇది నీ పెండ్లినాటిదా?" అన్నది పద్మక్క దాన్ని తిరగేసి.

"కాదక్కా, నా కూతురిది. నాది చినిగిపోయినాది."

"ఆది వద్దు. నువ్వే రా."

జీవితంలో మొదటిసారి టేపు ఒంటికి తగిలేసరికి గంగమ్మ ఊపిరి బిగబట్టి, పోలీసు స్టేషనులో నిలబడ్డట్టు నిలబడింది. "ఊపిరి ఇడుచమ్మే. ఊపిరి తీసుకుంటానే గదా పని చేస్తావు" అన్నది పద్మక్క. మరుసటి వారం గంగమ్మ నలుగుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. ఒక్కరి చేతిలోనూ ఆది లేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్రౌన్ పేపరు నమూనా గీసి, పేరు రాసి, చుట్టచుట్టి బిందెల్లో నిలబెట్టింది పద్మక్క.

శెట్టిగారి తల్లి అవ్వ, ఎనభై దాటిన మనిషి, గుమ్మంలో కూర్చొని ఈ రాకపోకలన్నీ చూసేది. "బనీను గుడ్డతో ఆడోళ్ళకు గుడ్డలేంది? రేపు లంగోటీ కూడా కుడతావా?" అనేది. పద్మక్క తలెత్తకుండా, "కొలత ఇస్తే కుడతా అత్తా" అనేది. అదే అవ్వ చలికాలం పొడుగునా కోడలు కుట్టిన నిండు చేతుల టాపు చీర కింద వేసుకొని తిరిగేది. దాని పేరు మాత్రం స్వెటరు. నేను ఆ తగాదా వినోదంగా చూశాను. అవ్వ కోడలిని ఎంత నిశితంగా చూస్తోందో చూడలేదు.

ఇక ఆ గౌను. ఊరందరికీ కుట్టి, తనకు మాత్రం పోయిన ఏడాది మొదలుపెట్టింది. ఆరుసార్లు తెచ్చిన చవక బనీను గుడ్డ ప్రయత్నాలకే అయిపోయింది. ఇన్నేళ్ళు బిందెలు మోసి ఆమె ఎడమ భుజం అరంగుళం దిగింది. ఏ దూరదేశపు నమూనాలోనూ ఆ అరంగుళం లేదు. చివరికి కుడి వేరు, ఎడమ వేరు గీసుకుంది. ఏడోసారి నేరేడుపండు రంగు గుడ్డ మీద కత్తెర పెట్టింది. మధ్యాహ్నం అంగడి తలుపు సగం దించి, తొడుక్కొని వచ్చి నా ముందు నిలబడింది. మా తాలూకాలో ముప్పై దాటిన స్త్రీ ఒంటి మీద ఒకే వస్త్రం ఉంటే దాన్ని నైటీ అంటారు. ఇది నైటీ కాదు. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా జారలేదు. ఆమె చేతులు రెండూ పక్కలకు ఊరికే వేలాడాయి. సర్దుకోవడానికి ఏమీ లేక వాటికి పని లేకపోయింది.

"ఊర్లో అందరి కొలతా నా కాడ ఉండాది. నాది ఈ పొద్దు దొరికింది" అన్నది. తరువాత, గోడకున్న అద్దంలోకి చూస్తూ, "నేను పోతే పట్టుచీర చుట్టి పంపిస్తారు. నువ్వు నాకు ఇదే తొడిగించల్ల" అన్నది.

నేను నా స్వభావానికి తగ్గట్టే జవాబిచ్చాను. "నిండు చేతులు గదక్కా, ఆడ ఉక్కపోస్తే?"

నవ్వింది. నవ్వు ఆగాక, "జోకు కాదమ్మే" అన్నది.

"సరే, నేను ముందు పోతే నాకూ ఒకటి కుట్టు. కొలతలు నీ కాడనే ఉండాయి" అన్నాను. ఆమె ఇక ఆ మాట ఎత్తలేదు. గౌనును మడిచి సంచిలో పెట్టి, వెనక గది తలుపుకు తగిలించింది. వారం వారం మధ్యాహ్నాలు తీసి వేసుకునేది, గుమ్మంలో అవ్వ ఉండగానే.

ఆ శుక్రవారం నేను వెళ్ళేసరికి అంగడిని ఆనుకున్న ఇంటి నడవ నిండా ఆడవాళ్ళు. స్నానం చేయించారు. భర్త ఉండగా పోయింది కనుక పసుపు, కుంకుమ, నిండుగా గాజులు. "ముత్తైదువుగా పోయింది, పుణ్యాత్మురాలు" అని ఒకరు, "మనకు రాసిపెట్టి ఉండాల" అని ఒకరు. బయట వీధిలో గంగమ్మ, ఇంకా నలుగురు పని మధ్యలోంచి వచ్చి నిలబడి ఉన్నారు, పద్మక్క కుట్టిన టాపులతోనే. నేను వెనక గది తలుపు వైపు చూశాను. గౌను సంచి అక్కడే ఉంది. నాలుగడుగులు.

అప్పుడు అవ్వ, అందరూ వింటుండగా, నన్నే అడిగింది. "టీచరమ్మా, దానికి ఏదంటే ప్రాణమో నీకు తెలుసు. ఏది తేవల్లో చెప్పు."

మాటకు మాట తడుముకోనిదాన్నని నాకు పేరుంది. పదిహేను ముఖాలు నా వైపు తిరిగాయి. ఆ గుంపులో బనీను గౌను అంటే ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. పోయిన మనిషిని చూసి నవ్వుతారేమో అనుకున్నాను. నిజానికి నన్ను చూసి నవ్వుతారనుకున్నాను. "గంధం రంగు పట్టుచీర" అన్నాను. తెచ్చారు, కట్టారు. ఎడమ భుజం మీద పైట నిలవక రెండుసార్లు జారింది. ఎవరో పిన్నీసు పెట్టారు.

పద్మక్కా, నువ్వు పోయాక మా ఊళ్ళో మళ్ళీ అందరూ ఆది జాకెట్లు తీస్తున్నారు. బిందెల్లో చుట్టలు చుట్టలుగా మేమందరం ఉన్నాము. గంగమ్మ ఉంది, నేనున్నాను, మా కొలతలున్నాయి. మమ్మల్ని మా ఒంటికి తగ్గట్టు చూసిన మనిషి లేదు. ఒక ఊరికి ఇలాంటి చూపు ఒక్కసారే దక్కుతుంది. మాకు దక్కింది, దాన్ని ఫాల్సు కుట్టే ఆవిడ అని పిలిచాము. ఈ నా అక్షరాలు నీ పాదాల దగ్గర పెడుతున్నాను. నేను కూడా ఇప్పుడే వంగి చూస్తున్నాను.

పదకొండో రోజు కార్యం ముగిసి, బంధువులు బస్సులకు వెళ్ళిపోయాక అవ్వ దగ్గర కూర్చున్నాను. గౌను సంగతి మొదలుపెట్టి, ఆమె అడిగిందీ నేను పరిహాసమాడిందీ, చివరిదాకా చెప్పాను. నేను ముగించాక అవ్వ తలుపుకున్న సంచి వైపు చూసింది. తరువాత నా వైపు తిరిగింది.

"ఇంట్లో అంతమంది ఆడోళ్ళు ఉండంగా నిన్నే ఎందుకు అడిగినాననుకున్యావు?"