సుత్తి దెబ్బకు పలికిన మాంటిల్

నా పరువు భూమిలోకి ఎంత లోతున కూరుకుపోయిందో ఏ యంత్రమూ కొలవలేని రోజు ఒకటుంది. చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

తొంభైల మొదట్లో హైదరాబాదులో పరిశోధన చేస్తుండేవాణ్ణి. ఓడ మీంచి నీళ్ళలో గాలి తుపాకులు పేలిస్తే, ఆ తరంగాలు సముద్రం అడుగున ఉన్న రాతి పెంకులోకి, దాని కిందున్న మాంటిల్ అనే పొరలోకి దిగి తిరిగొస్తాయి. అడుగున కూర్చుని వాటిని వినే యంత్రం మా దగ్గరుంది. ఓడలో కుర్రాళ్ళకు ఒక్కటే చోటు. సముద్రాన్ని క్యాలెండర్లో తప్ప చూడని నేను ఆ చోటు కోసం నిద్రలో కూడా ఈత కొడుతున్నాను.

"ముందు నేల మీద పరీక్షించు. చడీచప్పుడూ లేని చోటు చూడు" అన్నారు ప్రొఫెసర్ గారు.

నగరం శివార్లలో ముత్తంగి అవతల యాదమ్మ అనే రైతు చేను చూసొచ్చాను. చీమ దగ్గినా వినిపించేంత నిశ్శబ్దం. "హిమాలయ గుహే సర్!" అని రాసిచ్చాను.

మర్నాడు యంత్రాన్ని అక్కడ పాతి, కాస్త దూరంలో ఇనుప పలక మీద సుత్తితో కొట్టాను. యంత్రం గీతలు గీసే కాగితం మీద నా దెబ్బ చంటిపిల్ల తుమ్మినట్టు పడింది. వెంటనే ఇంకోటి, ఏనుగు తుమ్మినట్టు! మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఏనుగు. నిజం చెప్పాలంటే ధన్‌మని చప్పుడు చెవికీ వినబడుతూనే ఉంది. ఆనందంలో అది నా గుండె అనుకున్నాను.

రోడ్డు మీది ఫోన్ బూత్‌కు పరిగెత్తాను. "సర్, మాంటిల్ దొరికింది!"

"ఎక్కడ?"

"యాదమ్మ చేలో!"

"సుత్తితోనా?"

"గట్టిగా కొట్టాను సర్."

గంటన్నరలో ఆయన మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో జీపులో దిగారు. పెళ్ళికొడుకులా సుత్తి ఎత్తాను. ఏనుగు వచ్చింది. ఇంతలో ఎక్కడో సైరన్ మోగింది. మళ్ళీ కొట్టాను. పిల్ల తుమ్మింది, ఏనుగు లేదు. పది దెబ్బలకు చొక్కా తడిసి ముద్దయింది, ఏనుగు మాత్రం రాలేదు. ఆ కాగితాలు నలిపి పారేద్దామా అనిపించింది. కానీ చేతులు రాక, వేళ రాసి వరసగానే పెట్టాను.

గట్టు మీద సద్ది విప్పుతున్న యాదమ్మ అడిగింది. "ఏంది బిడ్డా, గంత పరేషానైతున్నవ్?"

"భూమి లోపలి నుంచి దెబ్బ రావాలమ్మా. ఆగిపోయింది."

"గా దెబ్బనా? గోడవతల రేకుల కంపెనీల పెద్ద ప్రెస్సు కొడ్తది. ఇప్పుడు లంచ్ టైం గద. ఆళ్ళు జెర బుక్కెడు తినొద్దా?"

"మరి నిన్న అసలు చప్పుడే లేదు!"

"నిన్న ఐతారం బిడ్డా. కంపెనీ బంద్."

శాస్త్రవేత్తలిద్దరూ నవ్వడానికి జీపు చాటుకు వెళ్ళారు. ప్రొఫెసర్ గారు కాగితాలన్నీ తిరగేశారు.

"అంత ప్రెస్సు పక్కన నీ సుత్తి దెబ్బను విడిగా పట్టింది. యంత్రం బ్రహ్మాండం."

"మరి నేను సర్?" సుత్తి కింద పెట్టి అడిగాను.

"పరువు పోతుందని తెలిసీ ఒక్క కాగితం దాచలేదు. ఓడలో అలాంటివాడే కావాలి. బట్టలు సర్దుకో."

యాదమ్మ నా చేతిలో జొన్నరొట్టె పెట్టింది. "తిను. ఏడ్వకు. మంచిగయింది గద!"

కొన్ని నెలల తర్వాత నడిసముద్రంలో నిజమైన మాంటిల్ తరంగం వచ్చింది. వెంట్రుకంత సన్నని గీత. దాన్ని చూసి ఓడంతా గంతులేసింది.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఐతారం నాడు ఏ ఊరినీ నిశ్శబ్దమని రాసివ్వను. ఇవ్వక తప్పకపోతే, సోమవారం దాకా ఆగి యాదమ్మ చేత కూడా సంతకం పెట్టిస్తాను.