రెండు పిలుపులు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మొదలెట్టాక నవ్వితే మీ ఫహాహీల్‌కో దండం పెట్టి, బస్సెక్కి సాల్మియాలో నేను పనిచేసే ఇంటికి వెళ్ళిపోతా. అన్నం మీద చెయ్యేసి చెప్తున్నా... ఇది నాకు జరిగింది.

మా కువైటీ ఇంటి యజమానురాలు, మా మామా వాళ్ళు సెలవలకి ఇటలీ పక్కన సిసిలీ దీవికి వెళ్ళారు కదా. నన్నూ తీసుకెళ్ళారు. షికారుకి కాదులెండి, మామా వాళ్ళమ్మ కూర్చునే చక్రాల కుర్చీ తొయ్యడానికి. ఆవిణ్ణి మామా కబీరా అంటాం, పెద్ద మామా అని. చెవిలో మిషన్ లేకపోతే పక్కన బాంబు పేలినా వినపడదు ఆవిడకి. "ఆవిడకేమన్నా అయితే ఖలాస్, ఇక అంతే, ఇఖామా రద్దు చేయించి ఊరికి పంపేస్తా" అని మామా ఎయిర్‌పోర్టులోనే చెప్పింది. ఆ కాగితం పోతే కువైట్‌లో ఉండనివ్వరు, మా ఇంట్లో సంపాదనా నాదొక్కదానిదే. నోరు మూసుకుని కుర్చీ పట్టుకున్నా.

అవి నిప్పుల కొండ కింద ఊళ్ళు. ఎప్పుడో కొండ పొంగి ఊరి మీద పడితే, చల్లారిన ఆ నల్లరాయితోనే మళ్ళీ కట్టుకున్నారట. వీధులు నలుపు, గోడలు నలుపు. నాకెంత చూడాలనుందో. చూడనిస్తే కదా. ప్రతి చర్చికీ మెట్లే, ప్రతి కోటకీ మెట్లే. వాళ్ళంతా లోపలికి... నేనూ కుర్చీ బయట. నా ఫోన్ తీసి చూడండి, అన్నీ తలుపుల ఫొటోలే. ఒళ్ళు మండిపోయేది.

చివరి రోజు కటానియా అనే ఊళ్ళో పాత నాటకశాల. ఇళ్ళ మధ్యలో, నేలలోకి దిగిపోయి ఉంది. వాళ్ళు దిగారు. మేమిద్దరం మళ్ళీ బయట సందులోనే. చీకటి పడింది. పైగా ఆ రోజు చెవి మిషన్ హోటల్లో మర్చిపోయానని అందరి ముందూ చీవాట్లు తిన్నా. ఏడుపొచ్చేసింది. అది పెద్దావిడకి కనపడకూడదని, కుర్చీకి బ్రేకు వేసి, కాస్త ముందుకెళ్ళి అటు తిరిగి నిలబడ్డా.

సందులో పిట్ట లేదు. కాళ్ళ కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు... ఎవరో గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు. ఆ ఊరి కింద ఏరుందట. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది.

"బుల్లీ..."

నా వెనక నుంచి.

నన్ను బుల్లి అని కోనసీమలో మా ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ పిలవరు. మామా వాళ్ళకి నేను సత్యని. బుల్లి అన్న పేరు మీకు కూడా ఇప్పుడే తెలిసింది.

చీకట్లో పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదు, తిరిగి చూడకూడదు. దెయ్యమైతే రెండుసార్లే పిలుస్తుందని మనందరికీ చిన్నప్పుడు చెప్పిందే. కానీ వెనక మామా కబీరా ఉంది. తిరక్కపోతే ఆవిడకేమవుతుందో... తిరిగితే నాకేమవుతుందో...

"బుల్లీ..."

ఇంకా దగ్గరగా. ఆడగొంతే. మా అమ్మది కాదు. అయినా... తెలిసిన గొంతులానే ఉంది. మూడోసారి పిలువు తల్లీ, పలికేస్తా అనుకుంటున్నా.

పిలవలేదు. నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది.

అప్పుడు తిరిగా. మామా కబీరా కుర్చీలోనే ఉంది. బ్రేకు వేసినట్టే ఉంది. నాకేసి విసుగ్గా చూస్తూ, "లేష్ మా తరుద్దీన్?" అంది. ఎందుకు పలకవు, అని.

చెవిలో మిషన్ లేదు ఆవిడకి. చెప్పాను కదా.

కువైట్ వచ్చేశాం. ఇప్పుడావిడ నన్ను సత్యా అనడం మానేసింది. బుల్లీ అంటోంది. ఆ పేరెవరు చెప్పారని అడిగితే, ఆ సందులో ఒకావిడ అలా పిలిచింది కదా, అంటుంది. ఎవరావిడ అంటే టీ పెట్టమంటుంది. ఎన్నిసార్లు అడిగినా టీయే. విసుగొచ్చి అడగడం మానేశా.

మొన్న రాత్రి గిన్నెలు తోముతున్నా. "బుల్లీ" అని వినపడింది. కుళాయి కట్టేశా. మళ్ళీ, "బుల్లీ". మూడోదాని కోసం ఆగుదామనుకున్నా... ఈలోగా ఆవిడ మంచం మీంచి పడిపోతే? నా ఉద్యోగం? "వస్తున్నా" అని అరుచుకుంటూ పరిగెత్తా.

ఆవిడ గురకపెట్టి నిద్రపోతోంది. నిద్రలో కలవరించిందేమో. అదే అయ్యుంటుంది... అలాగే అనుకుంటున్నా.

కానీ నేను పలికేశా. ఎవరికి పలికానో, మీలో ఎవరన్నా చెప్పండి.