తెల్లటి ఫిల్టరు, నల్లటి పొగ

మా అత్తమ్మకు ఇద్దరం అల్లుళ్లం. పెద్దవాణ్ని నేను. మహబూబాబాద్ మిర్చి యార్డులో కాంటా దగ్గర కూర్చుని తూకాలు రాస్తాను. చిన్నల్లుడు, అంటే మా షడ్డకుడు, భూపాలపల్లిలో బొగ్గు లారీలు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. అత్తమ్మ కొడకండ్లలో మా బామ్మర్ది దగ్గర ఉంటుంది. ఆమెకు దమ్ము, ఊపిరి ఆడని జబ్బు. నెలకోసారి, రెండో మంగళవారం, జనగామ దవాఖానలో చూపించాలి. బామ్మర్దికి కిరాణా కొట్టు వదిలి కదలడం కుదరదు. అందుకని నాలుగేళ్లుగా ఆ పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. నెలంతా బస్తాల బరువులు రాసేవాడికి, ఒక్క రోజైనా ఒక మనిషి తన కోసం తయారై అరుగు మీద కూర్చుని ఉండడం ఎంత బాగుంటుందో చెబితే నవ్వుతారేమో.

నా కారు డీజిలుది, పదిహేనేళ్ల పాతది. పోయిన చలికాలంలో నల్లటి పొగ మొదలైంది. మొదట్లో గేరు మార్చినప్పుడు మాత్రమే వచ్చేది. తర్వాత ఎత్తు ఎక్కితే వచ్చేది. ఆ తర్వాత ఎక్సిలేటర్ మీద కాలు పెడితే చాలు, వెనకున్న గోడ మీద మసి. ఒక మంగళవారం అత్తమ్మ మందుల సంచి పట్టుకుని గేటు దాటుతుండగా నేను బండి మలుపుతున్నాను. పొగ సూటిగా ఆమె మీదికే పోయింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని, ఊపిరి అందక చాలాసేపు వంగి నిలబడింది. ఎలాగో జనగామ పోయి వచ్చాం. ఇంటి ముందు దిగేటప్పుడు నా మొహం చూడకుండా అన్నది.

"అల్లుడా, వచ్చే నెల నువ్వు పరేషాన్ కాకు. చిన్నల్లుడు వస్తనన్నడు."

"గంత దూరం నుంచా?"

"ఆయన బండికి పొగ లేదు బిడ్డా."

ఇంటికి పోతూ లెక్క వేశాను. మా ఇంటి నుంచి కొడకండ్లకు యాభై చిల్లర కిలోమీటర్లు. అతనికి దానికి రెట్టింపు పైనే. ఏ లెక్కన చూసినా ఆ పని నాకే రావాలి. కానీ అత్తమ్మ ఆ లెక్క చూడలేదు.

తర్వాతి నెల అతనే వచ్చాడు, అతనే తీసుకుపోయాడు. సాయంత్రం మా ఆవిడ ఫోన్‌లో వాళ్ల చెల్లెలితో మాట్లాడి, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. "అమ్మ ముంగట సీట్ల కూసున్నదంట. తొవ్వ పొడుగూత ముచ్చట్లేనంట."

నా బండిలో అత్తమ్మ ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేది, తల మీద కొంగు తీయకుండా. మా ఇళ్లలో పెద్దల్లుడి దగ్గర అత్తలు అలాగే ఉంటారు. ఎదురుగా కుర్చీలో కూడా కూర్చోరు. ఆ మర్యాదను నాలుగేళ్లు నేను గర్వంగానే మోశాను. ఆ సాయంత్రం మాత్రం అది నాకు ఎవరో విడిచేసిన చొక్కాలాగా అనిపించింది.

పొగ సంగతి నేనే తేల్చాలనుకున్నాను. షడ్డకుడిని మాత్రం అడగకూడదనుకున్నాను. నేను చదివింది పదో తరగతి వరకే. తూకాల లెక్కలు, వడ్డీ లెక్కలు, చివరికి ఇంజన్ సంగతులు కూడా సొంతంగా నేర్చుకున్నవే. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువై, దానికి సరిపడా గాలి అందకపోవడం. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతున్నట్టు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఎక్కడ ఎక్కువైంది, ఎక్కడ తక్కువైంది అన్నదే తేలాలి.

ఒక పద్ధతి పెట్టుకున్నాను. తెల్ల దస్తీ ఒకటి పొగగొట్టానికి జానెడు దూరంలో కర్రకు కట్టి, ఇంజన్‌ను పది అంకెలు లెక్కపెట్టేంతసేపు రేజ్ చేసి, దస్తీ మీద తేదీ, తిరిగిన కిలోమీటర్లు రాసేవాణ్ని. అలా పదకొండు దస్తీలయ్యాయి. మూడు వేర్వేరు బంకుల్లో డీజిల్ పోయించాను. మరక అంతే నల్లగా ఉంది. డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పించి పరీక్ష చేయించాను. బాగానే ఉన్నాయన్నారు. రబ్బరు పైపులు ఎక్కడైనా పగిలాయేమోనని సబ్బు నురుగు పూసి చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఇక మిగిలింది గాలి వడకట్టే ఫిల్టరు. దాని డబ్బా మూడు సార్లు విప్పాను. మూడు సార్లూ ఫిల్టరు కొత్తదానిలా తెల్లగా ఉంది. గాలికి లోటు లేదు అని పుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీశాను.

రెండో నెల కూడా అత్తమ్మ అతని బండిలోనే పోయింది.

మూడో నెల ముందు, ఒక ఆదివారం, మా ఆవిడ చెల్లెల్ని చూస్తానని పట్టుబట్టింది. ఎందుకో నాకు తెలుసు, బండిని అతనికి చూపించాలని. బస్సులో పోదామన్నాను. "బస్సుల ఎందుకు, బండి లేదా మనకు? సిగ్గయితుందా?" అన్నది. బండి తీశాను.

భూపాలపల్లిలో వాళ్ల వాడకట్టు మలుపు తిరిగేసరికి పొగ మాకన్నా ముందు చేరిందనుకుంటాను. షడ్డకుడు గేటు బయటే నిలబడి ఉన్నాడు. నూనె చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఏందన్నా, మా దగ్గర బొగ్గు తక్కువైందని మోసుకొచ్చినవా?"

అరుగు మీదున్న ముసలాయన ఒకాయన అందుకున్నాడు. "రైలింజన్లు బందయినయంటిరి గదరా. గిదేంది మరి?"

నేను నా పుస్తకం తీశాను. అన్నీ వరసగా చెప్పబోయాను. అతను మర్యాదగా రెండు పేజీలు తిప్పి, పదకొండు దస్తీల సంగతి చదివి, "మస్తు కష్టపడ్డవన్నా" అని, పుస్తకాన్ని జాగ్రత్తగా నా చేతికే ఇచ్చేశాడు. నాకు ఒళ్లు మండింది. వెక్కిరించి ఉంటే ఇంత మండేది కాదు.

"జర రేజ్ చెయ్యన్నా."

చేశాను. ఫిల్టరు తీసి పక్కన పెట్టి, మళ్లీ చేయమన్నాడు. అదే పొగ. అప్పుడు, ఫిల్టరు డబ్బాలోకి బయటి గాలిని తెచ్చే పైపు ఒకటుంటుంది, దాన్ని డబ్బా దగ్గర ఊడదీశాడు. "ఇప్పుడు చెయ్యి." ఇంజన్ గొంతు మారింది. బరువు దించుకున్న మనిషి ఊపిరి పీల్చినట్టు ఉంది. అద్దంలో వెనక్కి చూశాను. పొగ లేదు. మొత్తం కలిపి నాలుగు నిమిషాలు. నేను గడియారం చూశాను.

అతను ముందు దీపం వెనక సందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఆ పైపు మూతి తడిమి, ఏదో పట్టుకుని లాగాడు. ఎర్రగా, అట్టలాగా గట్టిపడిన ముద్ద. దాని మడత ఒకటి విప్పితే లోపల ఆకుపచ్చ రంగు, సన్నటి జరీ అంచు కనిపించాయి.

ఆ బట్ట కట్టింది నేనే. రెండు మిర్చి సీజన్ల కింద కట్టాను. యార్డులో నిలబెట్టిన బండికి మిరప దుమ్ము పట్టి రెండు నెలలకే ఫిల్టరు నిండిపోయేది. మా యార్డుకు వచ్చే బండ్లవాళ్లలో ఇద్దరు ముగ్గురు పైపు మూతికి గుడ్డ కట్టేవాళ్లు, సీజన్ అయిపోగానే ఊడదీసేవాళ్లు. నేను మా ఆవిడ పాత చీర ముక్కను నాలుగు మడతలు వేసి కట్టాను. ఫిల్టరు నెలల తరబడి తెల్లగా ఉండేసరికి ఊడదీయడం దండగ అనిపించింది. వాళ్లకు తెలియని కిటుకు నాకు తెలిసిందనుకున్నాను. దుమ్ము, వానాకాలం తేమ కలిసి ఆ బట్ట గోడలా తయారైంది. ఫిల్టరు తెల్లగా ఉన్నది దానికి దుమ్ము చేరక. దుమ్ముతో పాటు గాలీ చేరలేదు. నా పుస్తకంలో అంకె ఉన్నవన్నీ ఉన్నాయి. ఆ బట్టకు అంకె లేదు గనుక అది ఎక్కడా లేదు.

షడ్డకుడు అంచు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ చీర ఎవరిదో పోల్చుకునే ఉంటాడు. సరిగ్గా అప్పుడే అక్కాచెల్లెళ్లిద్దరూ చాయ్ గ్లాసులతో బయటికి వచ్చారు. అతను ఆ ముద్దను తన చేతిగుడ్డలో చుట్టేసి పాత టైర్ల వెనక్కి విసిరాడు.

"ఏమైందంట?" అన్నది మా ఆవిడ.

"ఏం లేదు వదినా. పైపుల చెత్త ఇరికింది. అన్న సగం లెక్క పట్టిండు, నేను చెయ్యి వెట్టిన."

నేను చాయ్ తాగాను. అతని మీద అంతవరకు ఉన్న కుళ్లు అలాగే ఉంది. పైన ఇంకొకటి చేరింది. నేనైతే దాచేవాణ్ని కాను. పండగలకూ పబ్బాలకూ పదేళ్లు చెప్పుకుని నవ్వించేవాణ్ని.

ఈసారికి నేనే వస్తానని ఇద్దరికీ ముందే చెప్పి, రెండో మంగళవారం కొడకండ్ల గేటు ముందు బండి ఆపి, కావాలనే గట్టిగా రేజ్ చేశాను. పొగ రాలేదు. అత్తమ్మ కొంగు ముక్కు దాకా తెచ్చి, వాసన చూసి, దించింది. వెనక సీట్లో కూర్చున్నది. దేవరుప్పుల దాటాక ఆమే మాట్లాడింది.

"లెక్కలేసి పొగ పట్టుకున్నవంట గద. చిన్నల్లుడు చెప్పిండు."

"ఊ," అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. కాదనడానికి జనగామ దాకా సమయం ఉంది. వచ్చేటప్పుడు ఇంకో అంత సమయం ఉంది.

ఇంటి దగ్గర దిగి ఆమె అన్నది, "ఇగ చిన్నల్లుడు గంత దూరంకెల్లి ఎందుకు? నువ్వే ఫోన్ చేసి చెప్పు అల్లుడా."

మూడు నెలలు నేను ఎదురుచూసిన మాట అదే. అక్కడే బండి పక్కన నిలబడి ఫోన్ చేశాను. గొంతు మామూలుగా పెట్టి, ఇక మీదట నేనే చూసుకుంటానని చెప్పాను.

"గట్లనే అన్నా," అన్నాడు. ఫోన్ పెట్టలేదు. "అత్తమ్మ తొవ్వల ఊరూరికి ఒక ముచ్చట చెప్తదన్నా. నన్ను కన్న అవ్వ నాకు యాదికి లేదు, నీకు ఎరికేనాయె. నెలకోపాలి గట్ల వినుకుంట వోతుంటి. ఏం లేదు తియ్యి, దూరమే మరి."

అతని దగ్గర నాకు లేనిది ఏదో ఉందని మూడు నెలలు కుళ్లుకున్నాను. అంతకుముందు నాలుగేళ్లు నేను అత్తమ్మను తీసుకుపోతుంటే అతను నా వైపు ఎలా చూశాడో నేను లెక్క వేయలేదు.

"తమ్మీ," అన్నాను, "నెల విడిచి నెల పెట్టుకుందాం. వచ్చే నెల నువ్వు రా." ఆ బట్ట నేనే కట్టానని, పొగ పట్టింది అతనేనని అత్తమ్మకు కూడా చెబుతానన్నాను. అతను నవ్వి, చెప్పకపోతే ఏమైతదన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి పోయి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్తమ్మ నా ఎదుట అంతగా నవ్వడం అదే మొదటిసారి.

తర్వాతి నెల రెండో మంగళవారం నేను కాంటా దగ్గర ఉన్నాను. పొద్దున ఎనిమిదికి కొడకండ్లలో బయలుదేరితే తొమ్మిదింబావుకు జనగామ చేరాలి. సరిగ్గా తొమ్మిదింబావుకు ఫోన్ చేశాను.

"చేరిండ్రా?"

"యాడన్నా," అన్నాడు షడ్డకుడు. "దేవరుప్పుల కాడ ఆపినం. అత్తమ్మకు మిర్చి బజ్జీలు తినబుద్దయిందంట."

వెనక నుంచి అత్తమ్మ గొంతు, ఎవరితోనో ఉల్లిగడ్డ ఎక్కువ వెయ్యమంటున్నది. ఆమెకు బజ్జీలు ఇష్టమని నాకు తెలియదు. నా బండిలో ఆమె ఎప్పుడూ ఆపమనలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. కాంటా మీద బస్తా ఎక్కింది. తూకం రెండు సార్లు చదివితే కానీ రాయలేకపోయాను.