ఇచ్చిన వేడి ఏటైపోనాది?

మా పక్క క్వార్టరు మావయ్య పోయారని మొన్న ఆదివారం ఆరాధన ముగుస్తుండగా పాస్టరుగారు చెప్పారు. బైబిలు మూయడం కూడా మరిచి అలాగే కూర్చుండిపోయాను. ఆయన మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం నుంచి వచ్చి భిలాయి స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా చేసిన మనిషి. నేనీరోజు పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నానంటే మాత్రం ఆయన పుణ్యమే.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. పన్నెండో తరగతిలో ఫిజిక్స్ తప్పాను. సప్లిమెంటరీ కూడా పోతే చదువు మాన్పించి దుర్గ్‌లో పెదనాన్న బట్టల కొట్లో కూర్చోబెడతానని నాన్న తేల్చేశాడు.

ఫస్ట్ షిఫ్టు దిగి, మొహం కడుక్కుని, టీ గ్లాసుతో మావయ్య నాకు ఫిజిక్స్ చెప్పడానికి వరండాలో కూర్చునేవారు. బోర్డు ఎక్కడిది? ప్లాంటులో ఇనప రేకుల మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో గచ్చు మీదే రాయించేవారు. తప్పు రాస్తే చెరపనిచ్చేవారు కాదు. "ఉండనీ. పక్కన ఎందుకు అని రాయి" అనేవారు. అత్తయ్య చీపురు పట్టుకుని సణుక్కునేది.

"సీపీ మైనస్ సీవీ ఈజ్ ఈక్వల్ టు ఆర్. పూరా రట్టా మార్ లియా మావయ్యా, మొత్తం బట్టీ కొట్టేశాను!" అన్నాను ఒకరోజు గొప్పగా.

"మంచిదే. ఇచ్చిన వేడి ఏటైపోనాదో సెప్పు ముందు."

గచ్చు మీద నేను రాసిన లెక్క వైపు చూశాను. పీడనం మారకుండా వేడిచేసిన వాయువుకి, అంతశ్శక్తి, అంటే అది లోపల దాచుకునే శక్తి దగ్గర, ఘనపరిమాణం మారనప్పటి విశిష్టోష్ణం సీవీ బదులు పీడనం మారనప్పటి సీపీ రాసేశాను మరి. ఆయన నవ్వలేదు. లోపల్నించి గాజు సిరంజి తెచ్చి, మూతి వేలితో మూశారు.

"పిస్టన్ బిగించీసి ఒక డిగ్రీ ఎక్కించేవనుకో. వేడంతా గాలిలోనే ఉండిపోద్ది. ఇప్పుడు పిస్టనొదిలీసి అదే డిగ్రీ ఎక్కించు. గాలి వేడెక్కాల, పిస్టన్నీ తొయ్యాల. డిగ్రీ ఒకటే గనక లోపల దాసుకున్నదీ ఒకటే. తోసిన పనికి ఎక్కువ వేడి కావాలా, వొద్దా?"

"కావాలి."

"ఒక మోలుకి ఆ ఎక్కువే ఆర్. మరి నువ్వేటమ్మా, దాసుకున్నదాన్నే పెంచీసేవు?"

అప్పుడు వెలిగింది. సప్లిమెంటరీలో అదే ప్రశ్న వచ్చిందంటే కథ అల్లుతున్నాననుకుంటారు. రాలేదు. వేరేవి వచ్చాయి, అయినా పాసయ్యాను. ప్రతి గీతనీ ఎందుకని అడగడం అప్పటికి అలవాటైపోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక రిటైరయ్యాక వాళ్లు మారిన రిసాలి ఇంటికి వెళ్లాను. బీఎస్సీ పాసయ్యారని మేమంతా అనుకున్న మనిషి ఫిట్టరుగా ఎందుకు చేరారో అడగనే లేదని అత్తయ్యతో అన్నాను.

"పాసెక్కడమ్మా! ఈ వేడి పేపరే రెండుమాట్లు తప్పీసి సదువొగ్గీసినారు. నీకు సెప్పాలని మళ్లీ మొదట్నించీ నేర్సుకున్నారు" అంటూ అట్ట ఊడిన నోటుపుస్తకం చేతిలో పెట్టింది.

నా కోసం ఒక పెద్దాయన తాను ఓడిపోయిన పాఠం మళ్లీ తెరిచారు. నాకు ఏడుపాగలేదు.

పేజీలు తిప్పాను. అంతశ్శక్తి దగ్గర ఆయనా సీవీ బదులు సీపీయే రాశారు. కొట్టెయ్యలేదు. పక్కన తెల్లటి సుద్ద వేలిముద్ర, దాని కింద ఒకే మాట: ఎందుకు?