నిద్రబోగీలో కాజాలక్క

భూమి కింద నడిచే ఆ రైల్లో మూడో బోగీకి నిద్రబోగీ అని పేరు. అది రైల్వేవాళ్లు పెట్టింది కాదు, రోజూ అందులో ఎక్కేవాళ్లే పెట్టుకున్నారు. పొద్దున్నే ఊరి చివర ఎక్కడం, సీటు దొరికినవాళ్లు కూర్చునీ దొరకనివాళ్లు కమ్మీ పట్టుకునీ ఓ కునుకు తీయడం వాళ్ల అలవాటు. ఎవరి స్టేషన్ వస్తే వాళ్లను పక్కవాళ్లు భుజం తట్టి లేపాలి, అదొక్కటే అక్కడి కట్టుబాటు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, ఎవరికి ఎంతమంది పిల్లలో తెలియదు. ఎవరెక్కడ దిగాలో మాత్రం అందరికీ కంఠతా వచ్చు. ఇన్నేళ్లలో ఒక్క మనిషి కూడా నిద్రలో తన స్టేషన్ దాటిపోలేదంటే నమ్మండి. ఇంట్లో కన్నపిల్లల్ని బడి వేళకు లేపలేక తలప్రాణం తోకకొచ్చే మనుషులే, ఇక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లను క్షణం తప్పకుండా లేపేవాళ్లు. ముక్కున వేలేసుకోవడం తప్ప ఏం చేస్తాం.

ఆ బోగీలో కిటికీ పక్క సీటు కాజాలక్కది. కోట్లు కుట్టే పెద్ద దుకాణంలో గుండీలకు కాజాలు తీయడం ఆమె పని, అందుకే బోగీలో అందరూ అలా పిలిచేవాళ్లు. అన్నీ చేత్తోనే. వేళ్లు కాయలు కాశాయి గానీ కుట్టు మాత్రం ముత్యాలు పేర్చినట్టు ఉండేది. ఆమె మాట కూడా ఆమె సూదికి తీసిపోయేది కాదు, ఎవరికి గుచ్చుకుంటుందో చూసుకునేది కాదు. ఆ మాటే ఒకసారి కొంప ముంచింది.

ఆమె తల్లికి ప్రాణం మీదికొచ్చినప్పుడు దూరాన ఉన్న చెల్లెలు హడావిడిగా బయల్దేరింది. మధ్యలో ఒకచోట బండి మారాలి. ఆ బండి తప్పిపోయింది. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలో నిలబడి ఏడుస్తున్న చెల్లెల్ని పట్టుకుని, నలుగురి ముందూ, "రావాలనుకున్నవాళ్లకి బండి తప్పదమ్మా" అంది కాజాలక్క. చెల్లెలు తల్లి కార్యం అయ్యేదాకా ఓ మూల కూర్చుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఇక అంతే, ఏళ్ల తరబడి ఉత్తరం లేదు, కబురు లేదు. అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా అక్క నాలుక కరుచుకునేది. అయితే రెండు ముక్కలు రాయబోతే అహం అడ్డొచ్చేది.

సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. ఒకనాడు మేనమామ దుకాణానికి ఫోన్ చేశాడు.

"మీ చెల్లెలు రేపు మీ ఊరి మీదుగానే పోతోందే. మొగుడికి ఎక్కడో చలి ప్రాంతానికి బదిలీ అయింది, అతను ముందే వెళ్లాడు. పెద్ద స్టేషన్లో బండి మారుతుంది. పదింటిదాకా అక్కడే ఉంటుంది. మీ సొరంగం రైలు దిగి పైకొచ్చే గేటుందే, అక్కడ నిలబడమని చెప్పాను. ఇక ఇటువైపు రావడం కల్ల. వెళ్తావో మానతావో నీ ఇష్టం."

"అదేమంది మావయ్యా?"

"ఏమీ అనలేదు. నిలబడనని కూడా అనలేదు."

కాజాలక్క సెలవు అడిగింది. తనకోసం కుట్టుకుంటూ సగంలో ఆపేసిన ఉన్ని కోటును తీసి, చెల్లెలి కొలతకు సరిచేసి, కంటిమీద కునుకు లేకుండా పూర్తి చేసింది. దాన్ని తల్లి వాడిన ఆకుపచ్చ గళ్ల దుప్పట్లో మూట కట్టింది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరినీ కలిపి చుట్టి పడుకోబెట్టిన దుప్పటి అది. అంచులు పీలికలైనా పారేయబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే మూడో బోగీ ఎక్కి మూటను పైన సామాన్ల పలక మీద పెట్టింది. పెద్ద స్టేషన్ ఆ లైనుకు ఆఖరు, ఆమె రోజూ దిగేది దానికి సగం దూరంలో. ఈ రోజు నిద్రపోకూడదని గట్టిగా అనుకుంది. కానీ బండి ఉయ్యాల ఊపినట్టు ఊపుతుంటే రాత్రంతా మేలుకున్న కళ్లు ఎంతసేపు ఆగుతాయి?

"కాజాలక్కా, మీ స్టేషన్ వచ్చింది. లేవండి లేవండి."

పక్కన కూర్చునే నర్సమ్మ భుజం తట్టింది. ఎదుటి సీటు పేపరు తాతయ్య పేపరు మడిచి దారిచ్చాడు. ఎవరో వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు నడిపించారు. కాజాలక్క కాళ్లు వాటి పని అవి చేశాయి. తలుపులు మూసుకున్నాక, సొరంగం గాలి మొహానికి కొట్టాక, అప్పుడు మెలకువ వచ్చింది. ఎదురుగా రోజూ చూసే గోడ, రోజూ ఎక్కే మెట్లు. చేతిలో మూట లేదు. బండి వెనక ఎర్ర దీపం సొరంగంలోకి పోతోంది.

పైనుంచి మైకులో ఏదో చెబుతున్నారు. నీలం కోటు ఉద్యోగి దగ్గరికి పరిగెత్తింది.

"పెద్ద స్టేషన్‌కి తర్వాతి బండి ఎప్పుడు బాబూ?"

"ఇటు ఇక లేదమ్మా. పట్టాల మరమ్మతు, ఇప్పుడు పోయిందే ఆఖరిది. అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లండి. వంతెన మీదుగా చుట్టు తిరిగి పోతుంది. కాస్త ఆలస్యమవుతుంది మరి."

ఆ చుట్టు బండి నిండా మనుషులే. కాజాలక్క తలుపు పక్కన నలిగిపోతూ నిలబడి, తనను తాను తిట్టుకుంటూ, మధ్యలో ఆ నర్సమ్మను కూడా తిట్టుకుంది. ఇంతలో బండి ఒక్కసారిగా పైకెక్కింది. చీకటి పోయి కళ్లు చెదిరే వెలుతురు వచ్చింది.

ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కింద ఇంత వెడల్పున నది. ఆ ఊళ్లో ఇన్నేళ్లున్నా దాన్నెప్పుడూ ఇలా చూసింది లేదు. రోజూ దాని పక్కదాకా, నేల కింద, నిద్రపోతూ వచ్చేదన్నమాట. రెండు ఒడ్డుల మీదా లెక్కలేనన్ని కిటికీలు, ఏదో మేడ మీద తడిబట్టలు ఆరేస్తున్న మనిషి. పక్క వంతెన మీద ఇంకో బండి, దాని నిండా తలలు. ఇంతమంది ఎక్కడికో ఒకచోటికి, ఎవరో ఒకరి కోసం పోతున్నారు. ఈ ఊరు రోజూ ఇంతమందిని మోసుకెళ్లి ఎవరి చోట వాళ్లను దింపుతోందా అనుకుంది.

నది నడుమ బండి ఆగింది. ముందు ఏదో అడ్డం ఉందట. అవతలి గట్టున గడియారం స్తంభం కనిపిస్తోంది. ముల్లు పది మీదికి వచ్చింది, దాటింది. తలుపు గుద్దినా, దణ్ణం పెట్టినా బండి కదల్లేదు. చెల్లెలు కూడా ఆ రోజు ఇలాగే ఏదో స్టేషన్లో నిలబడి, ఆగని ముల్లునూ రాని బండినీ చూస్తూ ఉండిపోయి ఉంటుందని కాజాలక్కకు అప్పుడు తట్టింది. అంతమందిలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనున్న మనిషి ఏమీ అడగకుండా రుమాలు తీసి చేతిలో పెట్టాడు.

పెద్ద స్టేషన్ చేరి, మెట్లెక్కి, గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. ఆశ ఎప్పుడో వదిలేసుకుంది. అయినా చూసింది.

గేటు పక్క బల్ల మీద నర్సమ్మ, పేపరు తాతయ్య కూర్చున్నారు. వాళ్లిద్దరి మధ్యా చెల్లెలు. ఉన్ని కోటు తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుంది. ఒళ్లో ఆకుపచ్చ గళ్ల దుప్పటి ఉంది.

"తప్పు మాదే అక్కా" అంది నర్సమ్మ లేచి. "అలవాటు కొద్దీ దింపేశాం. తలుపులు పడ్డాక మూట చూశాం. పోయిన సామాన్ల గదిలో ఇద్దామని పట్టుకొస్తుంటే ఈ అమ్మాయి గేటు దగ్గర దుప్పటి పట్టుకుని వదల్లేదు."

"మా అమ్మది, మీ చేతికెలా వచ్చిందని ఒకటే అడుగుడు" అన్నాడు తాతయ్య.

"మరి మీ డ్యూటీ?"

"మీరు రాలేదనుకుని వెళ్లిపోతుందేమోనని కూర్చున్నాం. ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాన్లెండి" అంది నర్సమ్మ.

కాజాలక్క వాళ్లిద్దరికీ చేతులు జోడించింది. పేరైనా తెలియని మనుషులు. ఆమె చెల్లెలి వైపు తిరిగింది.

"నీ బండి?"

"పోయింది."

"కాస్త ముందు లేస్తే అందేదేమోనే."

"అందేదే. అదిగో, ఆ ప్లాట్‌ఫారమే. ఇక్కణ్ణుంచి కూత వినబడింది."

"మరి?"

చెల్లెలు దుప్పటి మడత విప్పి, సగం తన ఒళ్లో ఉంచుకుని, మిగతా సగం బల్ల మీద పరిచింది.

"రావాలనే బయల్దేరావని వీళ్లు చెప్పారుగా. బండ్లన్నాక తప్పుతాయక్కా. కూర్చో."