పేర్ల బాబాయ్ సేవ్ చేసిన ఫైళ్ళు

మా పేర్ల బాబాయ్‌కి లోకంలో దేనిమీదా పట్టింపు లేదు, ఒక్క ఫైలు పేరు మీద తప్ప. టీ చల్లారిపోయినా తాగేస్తారు. చొక్కా తిరగేసి తొడుక్కొచ్చినా ఆయనకు తెలియదు. కానీ మనం గీసిన విడిభాగాన్ని కంప్యూటర్లో సేవ్ చేస్తూ పేరులో చిన్న ఖాళీ వదిలామో, ఆ మూల నుంచి ఈ మూలకి పరిగెత్తుకొచ్చేస్తారు.

మాది సీసాలకు మూతలు బిగించే మెషీన్లు డిజైన్ చేసే ఆఫీసు. మేం గీసింది సరిచూసి వర్క్‌షాపుకి పంపడం ఆయన పని. వయసు చూసి బాబాయ్ అన్నాం, చాదస్తం చూసి ముందు 'పేర్ల' తగిలించాం. ఫైలు పేరులో వాలుగీతలూ ప్రశ్నార్థకాలూ కంప్యూటరే ఒప్పుకోదు, అది సరే. కంప్యూటర్ పాపం ఓ పిడికెడు గుర్తులతో సరిపెట్టుకుంది. బాబాయ్ నిషేధాలు బస్తాడు.

"'ఫైనల్' అని పెట్టావేంటమ్మా? ఇదే ఫైనలని నీకెవరు చెప్పారు?" అన్నారోసారి నాతో.

"కస్టమర్ చెప్పాడు బాబాయ్."

"రేపు మళ్ళీ మార్చమంటే?"

"'ఫైనల్ కొత్తది' అని పెడతా."

"ఎల్లుండి?"

"'ఒట్టు, ఇదే ఫైనల్' అని పెడతా."

బాబాయ్ తల పట్టుకుని పక్క కుర్చీలో కూలబడ్డారు. నా మీద జాలితో కాదు, ఆ ఫైలు మీద జాలితో.

ఇంట్లోనూ ఇదే గోలట. పిన్ని ఓసారి వంటింట్లో సీసా మీద 'కొత్త పంచదార' అని చీటీ అంటించారు. "నెల పోయాక కూడా ఇది కొత్తదేనా?" అని నిలదీశారట ఈయన. "నెలదాకా మీరు ఉంచితే కదా!" అన్నారట పిన్ని. ఆ దెబ్బకి రెండురోజులు వంటింటి జోలికి పోలేదని పిన్నే నవ్వుతూ చెప్పారు.

వీటన్నిటికీ నవ్వుకునేవాళ్ళం. ఒళ్ళు మండేది మాత్రం ఒకదానికి. ఫైలు పేరులో గీసినవాళ్ళ పేరు, కనీసం పొడి అక్షరాలు కూడా ఉండకూడదు. నేను ఎంతో ముచ్చటపడి గీసిన ఓ గేరుకి నా అక్షరాలు తగిలిస్తే, నా కళ్ళముందే చెరిపేశారు.

"నేను కన్న గేరు బాబాయ్ అది!"

"కన్నావు సరే. కంపెనీకి దత్తతిచ్చేశావు. లే, లే."

ఆ 'లే' ఇంకో తలనొప్పి. ఎవరు ఏం గీసినా సరే, మమ్మల్ని కుర్చీలోంచి లేపి, తన లాగిన్‌తో తెరిచి, ఆఖరుసారి తనే సేవ్ చేయాలి. దాంతో ఏ ఫైలు చూసినా 'చివరగా సేవ్ చేసినవారు' అన్నచోట ఈయన పేరే! కష్టం మాది, పేరు ఈయనదీనా అని నేను కడుపులో కుళ్ళుకునేదాన్ని.

ఇలా ఉండగా బాబాయ్ పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టారు. ఆఫీసంతా బళ్ళో మాస్టారు రాని రోజులా అయిపోయింది. ఎవరికి తోచిన పేర్లు వాళ్ళు పెట్టేసుకున్నాం.

మాలో ఒక కొత్తమ్మాయి ఉంది. పిల్లలు కాస్త ఎదిగేదాకా ఇల్లు చూసుకుని, మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చింది. భర్తకి పని పోయింది, ఆ ఇల్లంతా ఈమె జీతం మీదే నడుస్తోంది. ఉద్యోగం ఖాయం చేస్తారో ఇంటికి పంపుతారో ఆ వారంలోనే తేలాలి. పాపం, ఆమె చిన్న మెషీన్ కోసం గీసిన ఇనప ఊతానికి ఉత్త 'బ్రాకెట్' అని పేరు పెట్టింది. పెద్ద మెషీన్‌కీ సరిగ్గా అదే పేరుతో పాత ఫైలు వేరేచోట ఉంది. చూసి గీద్దామని దాన్ని ముందే తెరిచి ఉంచుకుంది. ఒకే పేరుతో రెండుంటే కంప్యూటర్ ముందు తెరిచినదాన్నే పట్టుకుంటుంది. అలా చిన్న మెషీన్‌కి పెద్ద బ్రాకెట్ తగిలించేసింది. ఆ డ్రాయింగే ఎవరూ సరిచూడకుండా సాయంత్రానికి వర్క్‌షాపుకి వెళ్ళిపోయింది.

మర్నాడు వర్క్‌షాపు నుంచి ఫోన్ వచ్చేసరికి అక్కడ పనికిరాని బ్రాకెట్లు గుట్ట పడ్డాయి. బాబాయ్ ఫోన్ పెట్టేసి, వాచిన బుగ్గతో తిన్నగా కొత్తమ్మాయి దగ్గరికి నడిచారు.

"లేమ్మా," అన్నారు.

కూర్చున్నారు, తప్పు దిద్దారు, పేరు మార్చారు, తన లాగిన్‌తో సేవ్ చేశారు. లేచేలోపే మేనేజర్ ఓ బ్రాకెట్ ఊపుకుంటూ వచ్చారు.

"ఎవరిదీ ఘనకార్యం?" అంటూ స్క్రీన్‌లోకి తొంగిచూశారు. "ఇది సేవ్ చేసింది మీరా?"

"నేనేనండీ."

"నిన్న మీరు సెలవు కదా!"

"సెలవు నా పంటికండీ, నాకు కాదు."

కొత్తమ్మాయి ముందుకొచ్చి, "సార్, అసలు అది..." అనబోయింది.

"నువ్వాగు తల్లీ, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం," అని ఆమె నోరు మూయించి మేనేజర్ వైపు తిరిగారు. "పిల్లలు బాగానే గీస్తారండీ. నేను చూడకుండా బయటికెళ్ళిందంటే తప్పు నాదే. ఆ గుట్టంతా దగ్గరుండి మళ్ళీ చేయిస్తాను."

మేనేజర్ నమ్మారో లేదో దేవుడికెరుక. తిట్టాల్సిన నాలుగూ తిట్టి, విసురుగా వెళ్ళిపోయారు. బాబాయ్ బుగ్గ పట్టుకుని, శ్రద్ధగా అన్నీ విన్నారు.

ఇన్నేళ్ళలో మాకెవరికీ మేనేజర్ చేత చివాట్లు పడలేదు. అది మా గొప్పతనమే అనుకుంటూ వచ్చాం! నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ బట్టతల మీద ముద్దు పెట్టేద్దామన్నంత ప్రేమా వచ్చింది.

వారాంతానికి కొత్తమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. సోమవారం పొద్దున బాబాయ్ ఆఫీసులోకి అడుగుపెట్టారో లేదో, ఎవరూ 'లే' అనకుండానే అందరం కుర్చీలు వదిలి లేచి నిలబడ్డాం.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. మా ముఖాలు ఒక్కొక్కటే చూశారు. సంచీ కింద పడేసి, గాభరాగా అడిగారు:

"ఏంటర్రా ఈ మర్యాద? ఏం పాడుచేశారు?"