బొట్టుబిళ్ళ కింద మెరుపు

పోయిన ఆదివారం ఇక్కడ కెనడాలో, మార్కమ్‌లో మా అమ్మాయి ఇంట్లో మనవరాలి పుట్టినరోజు జరిగింది. కేకు కోసే ముందు, కొత్తగా కొన్న నల్ల జాకెట్టు వేసుకునే ఫోటో దిగుతానని అది మారాం చేసింది. ఇంట్లో జాకెట్టేమిటే అని వాళ్ళమ్మ కసిరినా వినలేదు. దాని ముచ్చటంతా ఆ జాకెట్టు భుజాల మీదా జేబుల అంచునా కుట్టిన ఎర్రరాళ్ళ మీద ఉంది. అల్లుడు ఫోనులో ఫ్లాష్ వేసి ఫోటో తీశాడు. తీరా చూస్తే పిల్ల మొహం కన్నా ముందు ఆ రాళ్ళే కనిపించాయి, ఒక్కొక్కటీ నడిమధ్యలో తెల్లగా భగ్గుమంటూ. అందరూ ఫోటో చెడిపోయిందన్నారు. మా అమ్మాయి మాత్రం నవ్వి, అవి మా నాన్న కనిపెట్టినవేనండీ, పేటెంటు కూడా ఉంది అని వచ్చినవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది. ఆంటీలూ అంకుళ్ళూ చప్పట్లు కొట్టారు. నేను కాదనలేదు, చేతిలో ఉన్న పకోడీల ప్లేటు కేసి చూస్తూ కూర్చున్నాను.

నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను. మీలోనూ ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఒక చిన్నపిల్లకు మంచి చేస్తున్నాననుకుని చెడగొట్టే ఉంటారు.

మాది చిలకలపూడి, గిల్టు నగల ఊరు. మా నాన్న అచ్చుల పని చేసేవాడు, నాయనమ్మ వసారాలో కూర్చుని రాళ్ళు పొదిగేది. కెంపు ఎర్రగానే పుడుతుందని నేను చాలాకాలం నమ్మాను. ఒకరోజు నాయనమ్మ ఒక తెల్ల గాజురాయి నా అరచేతిలో పెట్టి చూడమని, మళ్ళీ తీసుకుని, కమ్మ గుంటలో గోరంత ఎర్ర తళుకురేకు పరిచి, దానిమీద ఆ రాయినే కూర్చింది. కెంపైపోయింది. ఆకుపచ్చ రేకు వేస్తే పచ్చ. రంగు రాయిలో లేదు, రాయి కింద ఉంది. ఆ తళుకురేకుల డబ్బా ముట్టుకుంటే వీపు విమానం మోత మోగేది, అయినా ముట్టుకోకుండా ఉన్న రోజు లేదు. ఆ పిచ్చే నన్ను ఫిజిక్సు వైపు లాగి, అమెరికాలో రెండు మూడు ఉద్యోగాల మీదుగా తిప్పి, చివరికి కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక పూతల ఫ్యాక్టరీలో తెచ్చి పడేసింది.

పూతలంటే గోడలకు వేసే రంగులు కావు. గాలి మొత్తం లాగేసిన పెద్ద ఉక్కు పీపాలో అల్యూమినియం తీగను కరిగించి ఆవిరి చేస్తే, ఆ ఆవిరి ప్లాస్టిక్ ముక్కల మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతుగా పరుచుకుని అద్దమైపోతుంది. కారు దీపాల్లో గిన్నెలు, సైకిళ్ళ వెనక బిళ్ళలు, బట్టల మీద కుట్టే రాళ్ళు, మా దగ్గర అన్నీ అలా మెరుపు తెచ్చుకున్నవే. పీపా తలుపు తెరిచినప్పుడల్లా నాకు నాయనమ్మ డబ్బా గుర్తొచ్చేది.

నా రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళు ఉందనగా మన పిల్లలు చదువుల కోసం రావడం మొదలైంది. మొదలవడమేమిటి, వచ్చి పడ్డారు. ఒక్కొక్క బేస్‌మెంటులో ఆరుగురు ఏడుగురు. అంతకుముందు గ్రోసరీ షాపులో తెలుగు మాట వినపడితే వెనక్కి తిరిగి చూసి, ఏ ఊరండీ అని అడిగి, ఇంటికి పిలిచేవాళ్ళం. ఆ రెండు మూడేళ్ళలో తిరిగి చూడటమే మానేశాం, ఎంతమందినని చూస్తాం. వారానికి రెండు మూడు రోజులు కాలేజీ, మిగతా రోజులు వేర్‌హౌసుల్లో పని. చదువు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదన్నది స్టూడెంట్ పర్మిట్ షరతు. ఆ ఇరవై అన్న అంకెకు పిల్లలు ఎంత భయపడేవారో దగ్గరుండి చూశాను.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి మా ఫ్యాక్టరీలో, పూత చెడిన ముక్కలు ఏరే బల్ల దగ్గర చేరింది. జగిత్యాల వైపు అమ్మాయి, కెమిస్ట్రీ చదువుకుని వచ్చింది. ముక్కలు ఏరి పక్కన పడేయడం ఆ బల్ల పని. ఆమె మాత్రం పడేసిన ముక్క పట్టుకుని నా దగ్గరకు వచ్చి, ఇది ఎందుకు చెడింది అంకుల్ అని అడిగేది. అన్నేళ్ళలో ఆ బల్ల నుంచి నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నెల తిరగకుండా మా ఇంట్లో పిల్లయిపోయింది, మా ఆవిడ చేసిన గోంగూర పచ్చడికి వంకలు పెట్టేటంత చనువొచ్చింది.

ఆ చలికాలం ఒకరోజు ఉదయం, ఇంకా తెల్లవారక ముందు, ఆమె గదిలో ఉండే ఇంకో అమ్మాయి బస్టాపుకు నడిచి వెళుతుంటే కారు గుద్దింది. కాలిబాట మీద మంచు గుట్టలు పోసి ఉంటే పాపం రోడ్డు అంచున నడిచింది. ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది, చదువు అక్కడితో ఆగిపోయింది. కారు నడిపినావిడ ఏడుస్తూ, నాకు కనపడలేదు, కనపడలేదు అనే అందట. నిజమే, మన పిల్లలు కొనేవి నల్ల జాకెట్లే, మాసినా తెలియవని. మెరిసే పట్టీలున్న చొక్కా వేర్‌హౌసు వాళ్ళిచ్చారు, అది బ్యాగులోనే ఉంది. దాన్ని వేసుకుని కాలేజీ బస్సెక్కడానికి వాళ్ళకు సిగ్గు.

ఆ వారం లంచ్ బల్ల దగ్గర మా జగిత్యాల అమ్మాయి అన్నం కెలుకుతూ కూర్చుంటే, మనసు మళ్ళించడానికి నేను నాయనమ్మ తళుకురేకు సంగతి చెప్పాను. పెరుగన్నంలో చెంచా అలాగే ఆగిపోయింది. మర్నాడు వచ్చి, పగలు ఎర్రరాయిలా ఉండి, కారు లైటు పడితే తెల్లగా వెలిగే రాయి చేద్దామంది. సైకిలు బిళ్ళ వెనక సన్నటి మూలలుంటాయి, గది మూలల్లాగే, కాకపోతే ఆవగింజంతవి. వెలుతురు ఎటునుంచి వస్తే అటే తిప్పి పంపడం వాటి గుణం. రాయి వెనక నడుమ అవి ఉండాలి, వాటి చుట్టూ ఎర్ర రంగు ఉండాలి, మొత్తానికి వెనకాల అద్దపు పూత ఉండాలి. అప్పుడు మామూలుగా చూసేవాళ్ళకు చుట్టూ ఉన్న ఎరుపు, కారు నడిపేవాళ్ళకు నడుమ ఉన్న మెరుపు కనిపిస్తాయి. వింటే తేలికే. అంత చిన్న రాయి మీద నడుమ పడకుండా చుట్టూ మాత్రం రంగు వేయడం ఎలా? ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న నేను టేపులు కత్తిరించీ, రేకులకు చిల్లులు పొడిచీ బోలెడన్ని రాళ్ళు పాడుచేశాను. ఒక శనివారం ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. అన్నిటికన్నా చిన్న బిళ్ళను రాయి వెనక నడుమ అంటించి, ఎర్ర రంగు చల్లి, ఆరాక గోటితో బిళ్ళను లాగేసి, పీపాలో పెట్టింది.

ఒక్కసారికే కుదరలేదు. బిళ్ళ కిందికి రంగు కారింది, బంక మిగిలిపోయింది, పూత పెచ్చులూడింది. పన్నెండు శనివారాలు పట్టింది. పన్నెండో శనివారం మధ్యాహ్నం ఫోను టార్చి కళ్ళ పక్కన పట్టుకుని చూస్తే, గదికి ఆ చివర బల్ల మీదున్న రాయి సూటిగా నా కళ్ళల్లోకి వెలిగింది. నేను గంతులేశాను. ఆ అమ్మాయి ఏడ్చేసింది. దీనితో నీకు పేరొస్తుందే తల్లీ అంటే, "నాకేం గావాలె అంకుల్, మా పిల్లలు రోడ్డు మీద కనబడితే చాలు" అంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ప్రయోగాలకు ఫ్యాక్టరీలో ఒక నోటుబుక్కు ఉండేది. ఎవరు చేస్తే వాళ్ళు తమ చేతిరాతతో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఆ అమ్మాయి ఇరవై గంటలూ బల్ల దగ్గరే అయిపోయేవి, ఈ శనివారాలు లెక్కలోకి రాని శనివారాలు. మొదటిరోజే రాయబోతుంటే నేను పెన్ను తీసేసుకున్నాను. నీ రాతా నీ తేదీ ఇందులో పడితే ఇరవై దాటానని నువ్వే సంతకం పెట్టి ఇచ్చినట్టమ్మా, రేపు పీఆర్ మీదకొస్తుంది అన్నాను. పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, వచ్చేదాకా ఎక్కడా నీ పేరు పడనీయకు అన్నది మనవాళ్ళు ఇక్కడికొచ్చిన పిల్లలకు చెప్పే మొదటి బుద్ధి కదా, నేనూ అదే చెప్పాను. పన్నెండు శనివారాలు ఆమె చేసింది, నేను రాసి నా సంతకం పెట్టాను. ఆ పిల్ల బాగుకోసమే చేశాననుకున్నాను, దేవుడి మీద ఒట్టు.

రాయి చూసి మా మేనేజరు మురిసిపోయాడు. పేటెంటు లాయరు దీన్ని కనిపెట్టింది ఎవరని మెయిల్ పెట్టాడు. ఆధారం నోటుబుక్కు, దాని నిండా నా రాత. నీ పేరు కూడా ఇవ్వనా అని ఆమెను అడిగాను, అడిగాననిపించుకోవడానికి అడిగాను. "పర్లేదంకుల్, ముందు పీఆర్ రానీయండి, తర్వాత చూసుకుందాం" అని నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పింది. నా పేరొక్కటే వెళ్ళింది. దరఖాస్తు పంపిన కొన్నాళ్ళకే ప్రభుత్వం ఆ ఇరవై గంటల షరతును కొంతకాలం పక్కన పెట్టింది. పాత శనివారాలకు అది వర్తించదని తెలుసు. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

చదువు అయ్యాక మా ఫ్యాక్టరీలో ఆమెకు తగ్గ ఉద్యోగం లేదన్నారు. విన్నిపెగ్‌లో ఒక పూతల ల్యాబు ఇంటర్వ్యూకు పిలిచింది. అది వస్తే ఆ రాష్ట్ర ప్రభుత్వం తరఫున పీఆర్‌కు దారి దొరుకుతుంది, అన్ని విధాలా అదే ఆమె ఆశ. నువ్వు సొంతంగా ఏం చేశావో తెలిపే ఉత్తరం తెమ్మన్నారట. నా దగ్గరకు వచ్చింది, ఇంకెవరి దగ్గరకు పోతుంది! నిజం రాస్తే నోటుబుక్కు అబద్ధం, పేటెంటు మీద నా పేరు అబద్ధం, నా పన్నెండు సంతకాలూ అబద్ధం. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదుంది. మొదట రాసినదాంట్లో ఇది ఈ అమ్మాయి ఆలోచన అని ఉంది, చింపేశాను. రెండోదాంట్లో ఇద్దరం కలిసి చేశామని ఉంది, అదీ చింపేశాను. ఇచ్చింది మూడోది. అందులో ఈ పనిలో సహాయం చేసింది అని రాశాను.

మా వంటింట్లో నిలబడి చదివింది. మడిచి బ్యాగులో పెట్టుకుని, థాంక్యూ అంకుల్ అని, తాగిన టీ కప్పు కడిగి బోర్లించి వెళ్ళింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది.

ఆ తర్వాత అంతా మీకు తెలిసిన కథే, మీ చుట్టుపక్కల ఎంతమంది పిల్లలకు జరిగిందో! వేర్‌హౌసులో పెట్టెలు మోసింది, పీఆర్‌కు కావలసిన స్కోరు, ప్రభుత్వం పేర్లు ఎంచే ప్రతి డ్రాకూ పైకి పోతుంటే అందుకోలేకపోయింది, వర్క్ పర్మిట్ అయిపోయింది. వెళ్ళేముందు, దేశం విడిచిపోయే పిల్లలందరూ చేసినట్టే, కుక్కరూ మిక్సీ తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. అడుగున ఒక ప్లాస్టిక్ సంచీలో గాజులూ జడపిన్నులూ ఒక బొట్టుబిళ్ళల అట్టా ఉన్నాయి. మా ఇద్దరికీ దండం పెట్టుకుంది. నేను ఆశీర్వదించాను కూడా.

కొన్నాళ్ళకు మా ఆవిడ బొట్టు పెట్టుకుందామని ఆ అట్ట తీసి, ఇదేమిటండీ, చిన్న బిళ్ళలన్నీ అయిపోయాయి, పక్కన ఏవో రాతలున్నాయి అని నాకిచ్చింది. బిళ్ళ లాగేసిన ప్రతి ఖాళీ పక్కనా బాల్‌పెన్నుతో చీమతలకాయంత అక్షరాలు. తేదీ, దాని పక్కన ఒక ముక్క. రంగు కారింది. బంక పోలేదు. పెచ్చు ఊడింది. చివరి ఖాళీ పక్కన, వెలిగింది. నేను పెన్ను లాక్కుంటే ఆ పిల్ల రాసుకోవడానికి ఆ చోటు వెతుక్కుంది. అప్పటికి నా రిటైర్మెంటుకు నాలుగు నెలలు. అది అయ్యాక చూద్దామనుకుని అట్టను సొరుగులో పెట్టాను. రిటైరైన రోజు కంపెనీవాళ్ళు నా పేరు చెక్కిన అద్దపు పలక ఇచ్చారు, దాన్ని మా అబ్బాయి హాల్లో తగిలించాడు.

పుట్టినరోజునాడు అందరూ భోజనాల్లో పడ్డాక మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుని, నిజంగా ఇవి నువ్వే చేశావా తాతా అని ఇంగ్లీషులో అడిగింది. పెద్దవాళ్ళ చప్పట్లప్పుడు రాని మాట ఆ పిల్లకు చెప్పగలిగాను. నేను కాదమ్మా, ఒక అక్క చేసింది అన్నాను. అక్క పేరు అడిగితే చెప్పాను. మరి నీ పేరెందుకుంది అంది. జాకెట్టు మీద ఒక రాయిని వేలితో గీరుతూ కూర్చుంది, వాళ్ళమ్మ పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక పలకను గోడ మీంచి తీసేశాను. కంపెనీకి జరిగింది జరిగినట్టు రాసి, అట్ట ఫోటో జతచేసి పోస్టు చేశాను. పేరు చేర్చాలంటే ఆమె సంతకం కూడా కావాలంటారని తెలుసు. ఆమె పాత నెంబరుకు మెసేజ్ పెడితే ఎవరో కుర్రాడు రాంగ్ నెంబర్ అని మర్యాదగా జవాబిచ్చాడు. మా అబ్బాయి ఫేస్‌బుక్కులో వెతికితే అదే పేరుతో ఎంతమందో వచ్చారు, వాళ్ళలో ఆమె లేదు. జగిత్యాల వైపు అని తెలుసు గానీ, ఏ ఊరమ్మా అని నేను ఒక్కసారీ అడగలేదు. తిరిగి చూడటం మానేసిన రోజులు కదా అవి.

ప్రభుత్వం స్టూడెంట్ పర్మిట్లు తగ్గించేశాక, మా వీధిలో బేస్‌మెంటులన్నీ ఇప్పుడు అద్దెకు బోర్డులు పెట్టుకుని ఖాళీగా ఉన్నాయి. బస్టాపులో అప్పటి గుంపు లేదు, చలికాలం ఉదయాల్లో నలుగురైదుగురు నిలబడి ఉంటారు. నేను కారులో పోతుంటే ఒకరిద్దరి భుజాల మీద ఆ రాళ్ళు దూరం నుంచే వెలుగుతాయి, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఆ అమ్మాయి కోరుకున్నట్టే పిల్లలు కనబడుతున్నారు.

ఇంతసేపూ ఆ అమ్మాయి అనే రాసుకుంటూ వచ్చాను, మీరు గమనించే ఉంటారు. అప్పుడు అడిగీ అడగనట్టు ఆమె పేరు తీసేశాను, ఇప్పుడు అడక్కుండా నలుగురిలో పెట్టే హక్కూ నాకు లేదు. ఆమె కోసం నాలుగో ఉత్తరం రాశాను, అందులో సహాయం అన్న మాట లేదు. కవరులో ఉత్తరంతోపాటు ఆ అట్ట కూడా పెట్టి, పైన ఆమె పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. నాలుగు రోజులుగా అది నా బల్ల మీదే ఉంది, అడ్రసు రాయాల్సిన చోటు ఖాళీగా.